యంత్రకేసరి పెట్టిన బొట్టు

సత్యవేడులో నా జిరాక్సు అంగడి పక్కనే భానుచందర్ మోటార్ల మరమ్మతు అంగడి. బోర్డు మీద 'ఇంజనీరు, ఆవిష్కర్త' అని రాయించుకున్నాడు. ఇంజనీరన్న మాట నిజమే, నాలుగేళ్ల చదువు ఆరేళ్లు చదివాడు. కాలిపోయిన మోటార్లు విప్పి, కొత్త రాగితీగ చుట్టేది మాత్రం అతని భార్య మునిలక్ష్మి. అయ్యగారి చేతులకు మసి అంటకూడదు. బొమ్మలు గీయాలి కదా!

అవును, బొమ్మల పుస్తకాలు. వాటిలో హీరో పేరు యంత్రకేసరి. మామూలప్పుడు ఇంజనీరు. ఆపదొస్తే నీలం అంగీ తొడుక్కుని, తాను కనిపెట్టిన యంత్రాలతో ఎగిరొచ్చి జనాన్ని కాపాడేస్తాడు. ఆ మీసం, ఆ ముక్కు అచ్చం భానుచందర్‌వే. ఛాతీ మాత్రం ఎవరిదో అరువు తెచ్చుకున్నాడు. ఆ చెత్తంతా అచ్చేసి ఇచ్చేది నేనే.

ఈ ఏడు నిజంగానే ఒక యంత్రం చేశాడు. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది. అందుకని బోరులోకి రెండు తీగలు వదిలి, పైన వాటిని ఒక పెట్టెకు బిగించాడు. తీగల మధ్య నీళ్లు లేకపోతే పెట్టె మోటారును ఆపేస్తుంది. ఒప్పుకోవాలి, పెట్టె బాగానే చేశాడు. ఊరుకుంటే సరిపోయేది.

మొదటి పెట్టె గురవమ్మ చేలో పెట్టాడు. ఒంటరి మనిషి, రెండెకరాల వేరుశనగ, ఒకటే బోరు. అప్పుడే ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే అదను. ఆ వారం తడి తప్పితే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

"మోటారుకు ఏమీ గాదు గదా నాయనా?" అనడిగింది.

"నేనుండా గదమ్మా!"

మా వైపు కొత్త మిషను ఏది బిగించినా పసుపు కుంకుమ పెట్టనిదే స్విచ్చి వేయరు. అందరూ మూత మీద పెడతారు. ఈ మహానుభావుడు మూత తీసి, లోపల తీగలు బిగించిన రెండు మరమేకుల మీదా తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టాడు. "కొత్త పుస్తకం అట్టకప్పా, బాగా పడాల" అంటే ఫోటో తీసింది నేనే.

తడి పసుపు రెండు మరమేకులనూ కలిపేసింది. ఇక పెట్టెకు బోరులో ఎప్పుడూ నీళ్లున్నట్టే. మధ్యాహ్నానికి నీళ్లు దిగిపోయాయి. మోటారు ఆగలేదు, కాలిపోయింది.

మోటారు పైకి లాగించి, ట్రాక్టరులో వేసుకొచ్చింది గురవమ్మ. "సేనెండిపోతే నేను యాడికి పోదునబ్బా!" అని అంగడి ముందు కూలబడింది.

"వోల్టేజీ తప్పమ్మా" అన్నాడు మన వీరుడు. సిగ్గయినా ఉండాలి!

మునిలక్ష్మి పెట్టె విప్పి చూసింది. "ఇంజనీరు గదా, పసుపు యాడ పెట్టాల్నో తెలీదా?" అంది. రెండు రోజులు అన్నం కూడా అక్కడే తింటూ తీగ చుట్టింది. మూడో రోజు చేనికి నీళ్లు పారాయి. చేను బతికింది.

నెల తిరక్కుండా కొత్త పుస్తకం తెచ్చాడు. యంత్రకేసరి ఒంటిచేత్తో మోటారెత్తి, ఎండుతున్న చేనును కాపాడుతున్నాడు! మునిలక్ష్మి ఒక్క బొమ్మలోనూ లేదు. ఇదేందప్పా అంటే, "కథకు హీరో ఒక్కడే ఉండాల" అన్నాడు. థూ అనిపించింది. అనిపించినా వంద కాపీలు వేసిచ్చాను. ఒకటి గురవమ్మకూ ఇచ్చి వచ్చాడు.

కాయలు పీకినాక గురవమ్మ పచ్చి కాయల మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. భానుచందర్ నా అంగట్లోనే ఉన్నాడు. "రామ్మా, రా!" అంటూ చేతులు చాచి లేచాడు. నేనూ లేచాను.

ఆమె మమ్మల్ని దాటిపోయి, మూట పక్కంగట్లో మునిలక్ష్మి ముందు దించింది. "నీకేనమ్మా, ఉడకేసుకోని తిను" అంది. తరువాత మా వైపు తిరిగింది.

"మీ ఇద్దురికీ పుస్తకం ఉండాది గదా, కూర్సోని దాన్ని నమలండి!"

మునిలక్ష్మి పగలబడి నవ్వింది. మాకు ఒక్క కాయ కూడా పెట్టలేదు.