అప్పన్న తెచ్చిన ప్లగ్గులు

కొన్నేళ్ళుగా ఒక మనిషి పరువు నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే, ఇది ఎవరి చెవిన వేస్తారోనని ఈపాటికి మీ మీదా అనుమానం వచ్చేసేది. నాది అలాంటి బుద్ధి. కూరల తూకం మీద అనుమానం, పాలవాడి మీద అనుమానం, మా ఆయన ఫోను పట్టుకుని వరండాలోకి వెళితే అనుమానం. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని. అయినా అంతే.

మాకు ఒక పాత పెట్రోలు కారుంది. మేముండే గరాచర్మ నుంచి బడికి నేనే నడుపుకుంటూ వెళతాను. స్పార్క్ ప్లగ్గులు అరిగిపోయాయి, మార్చాలన్నాడు జంగ్లీఘాట్‌లోని మెకానిక్కు. కొత్తవి నొక్కేసి, పాతవే తుడిచి పెడతాడని నా భయం. ఆధారమా? ఏమీ లేదు. అతని నవ్వు నాకు నచ్చలేదు. నేనే మార్చుకుంటానని ఇంట్లో ప్రకటించాను. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వే నా కొంప ముంచింది.

సముద్రం మధ్య ఈ ద్వీపంలో మా తెలుగువాళ్ళకు నమ్మకమైన సరుకు కావాలంటే వైజాగ్ నుంచి ఓడలో వచ్చేవాళ్ళతో తెప్పించుకోవడమే. మా వీధి అప్పన్నకు ఓడలోనే ఉద్యోగం. పుట్టింది ద్వీపంలోనే, తాతలది శ్రీకాకుళం వైపు; మాటలో అక్కడి యాసా, ఇక్కడి హిందీ కలిసిపోతాయి. వెళ్ళే ప్రతిసారీ ఇంటింటికీ తిరిగి ఏం కావాలో అడిగేవాడు. ఒకరికి కళ్ళజోడు, ఒకరికి మందులు, ఇంకొకరికి పెళ్ళిచీర. ఎవరూ విప్పి చూసుకునేవారు కాదు. నా ప్లగ్గులూ అతనే తెచ్చాడు.

ఆదివారం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా బానెట్ ఎత్తాను. అంతా ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నదే. ప్లగ్గు మీది వైరు లాగాలి, పానాతో విప్పాలి, కొత్తదాన్ని ముందు చేత్తో తిప్పి తరవాత పానాతో బిగించాలి. మొదటి రెండూ చక్కగా కూర్చున్నాయి. అబ్బ, ఎంత పొంగిపోయానో! మూడోది జిడ్డు చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. తీసి చూస్తే తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత గీత. మా ఆయన చూశాడా అని కిటికీ వైపు చూశాను. లేడు. నైటీకి తుడిచి బిగించేశాను.

తరవాతి వారం తోటి టీచర్లను ఎక్కించుకుని సిప్పీఘాట్‌లో ఒక గృహప్రవేశానికి బయలుదేరాను. ఎత్తు రాగానే కారు మిస్సింగ్ కొట్టింది. దగ్గుతూ, ఊగుతూ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ప్లగ్గులు నువ్వే మార్చావు కదా అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. అందులో వెటకారం ఉందా? ఇప్పటికీ తెలియదు. ఉందనే అనుకున్నాను. అప్పన్న డూప్లికేట్ సరుకు అంటగట్టాడు అని నా నోట్లోంచి ఠక్కున వచ్చేసింది.

అన్నాక నేనే నమ్మడం మొదలుపెట్టాను. నిజంగా డూప్లికేటే అయి ఉండకూడదా? మంచిదైతే ఒక్కసారి పడ్డంత మాత్రాన చిట్లుతుందా? మనసు మన తరఫున ఎంత గట్టిగా వాదిస్తుందో చూశారా. ఆ సాయంత్రమే చిట్లినదాన్ని తీసి, దాని చోట పాత ప్లగ్గు పెట్టుకుని, ఆ చిట్లినదాన్ని వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచాను.

మాట వీధంతా పాకింది. ఓడ బయలుదేరే ముందు అప్పన్న వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

“దీదీ, ఆ ప్లగ్గు ఓపాలి ఇవ్వండి. దుకాణంవోడి మొహం ముందు పెట్టి అడుగుతాను. నాకు మోసం సేసుంటే ఒగ్గను.”

“పారేశాను అప్పన్నా.”

“పారీసినారా?” నా మొహంలోకి చూశాడు. “కోయీ బాత్ నహీ దీదీ. నాను తెచ్చిందే కదా. నానే మారుస్తాను.”

ఆ చూపు ఏమిటి? నా అబద్ధం తెలిసిపోయిందా? ఇక అక్కణ్ణుంచి అతని ప్రతి నమస్కారంలోనూ ఏదో అర్థం వెతికాను.

అన్నట్టే తరవాతి ఓడలో కొత్త సెట్టు తెచ్చి ఇచ్చాడు. అవి పెడితే కారు హాయిగా నడిచింది. అదే అతని కొంప తీసింది. తప్పు చేయకపోతే ఎందుకు మార్చి ఇస్తాడు అన్నారంతా. కాదనడానికి నా మాట ఒక్కటి చాలు. నేను అనలేదు. అతనికి డూప్లికేట్ అప్పన్న అన్న పేరు స్థిరపడిపోయింది. ఇంటింటికీ తిరిగి అడగడం మానేశాడు.

అతని కూతురు నా క్లాసులోనే చదివేది. ఒకరోజు ఎవరో పెన్ను అడిగితే తనది ఇవ్వబోయింది. డూప్లికేట్ పెన్ను, ముట్టుకోకురోయ్ అని వెనక బెంచీలు నవ్వాయి. ఆ పిల్ల వాళ్ళ వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను బల్ల మీద చరిచి అందరినీ నోరు మూయించాను. నా నోరు కూడా మూసుకుని పాఠం మొదలుపెట్టాను. సిగ్గులేనిదాన్ని. కారు విషయంలో భయపడి అబద్ధమాడానని అనుకోవచ్చు. ఇక్కడ దేనికి భయపడ్డాను? పిల్లల ముందు చిన్నబోతాననే కదా.

ఇప్పుడు ఎవరైనా అరుదుగా అతని చేత ఏదైనా తెప్పించుకుంటే, వాళ్ళు విప్పి చూసుకునేదాకా అప్పన్న గుమ్మం దగ్గర నుంచి కదలడు. పోయిన నెల వైజాగ్ నుంచి మా చెల్లెలు, సంగతి తెలియక, అతనితో ఆవకాయ పంపింది. నా ముందూ అలాగే నిలబడి చూసుకోమన్నాడు. కోపంగా కాదు, అలవాటుగా. చెప్పెయ్యి, ఇప్పుడే చెప్పెయ్యి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ అప్పుడు నా కళ్ళు ఏం చేస్తున్నాయో తెలుసా? మూతకు చుట్టిన టేపు ఎక్కడైనా ఊడిందేమోనని వెతుకుతున్నాయి.

అప్పన్న అది చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అతని గేటు దగ్గరికి వెళ్ళి చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. క్షమించమని అడగడం లేదు, క్షమించడానికి మీరెవరు? అప్పన్న నన్ను మోసం చేయలేదు. నేనే అతన్ని చేశాను. ఈ ఒక్క ముక్క బయటికి వచ్చాక కాస్త ఊపిరి ఆడుతోంది.