మా గది మాత్రమే జానెడు ఎక్కువ

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మేము గల్ఫ్‌లో, మనామా బజారు వెనక సందులో ఒక పాత మేడలో ఉండేవాళ్ళం. ఆ మేడలో గదులన్నీ ఒకే వెడల్పు. మా గది ఒక్కటే జానెడు ఎక్కువ. ఎందుకు ఎక్కువో ఎవరూ చెప్పేవారు కాదు. లెక్క కుదరని చోట నాకు నిద్ర పట్టని స్వభావం అప్పటికే ఉంది. పెద్దవాళ్ళకు అది ఆటగా కనబడేది, నాకు మాత్రం ఏడుపు వచ్చేది.

ఇది నేను ఊరికే ఊహించుకున్నది కాదు. మేమూ, పక్క గదిలోని అక్కావాళ్ళూ ఒకే దుకాణంలో ఒకే కొలత మంచాలు కొన్నాం. మా గదిలో మంచం అడ్డంగా వేస్తే కాళ్ళ వైపు నుంచి మనిషి పక్కకు తిరిగి దాటవచ్చు. వాళ్ళ గదిలో అదే మంచం అడ్డంగా వేస్తే రెండు గోడలకూ తగిలి ఇరుక్కుపోయింది. మంచాలు ఒకటే అయినప్పుడు తేడా గోడల్లో ఉండాలి కదా. అందుకని జానలతో కొలిచాను. అక్కావాళ్ళ గది, కింద బ్యాచిలర్లు ఉండే గదులు, మెట్ల పక్కన సామాన్ల గది, అన్నిటి వెడల్పూ ఒకటే వచ్చింది. పొడవులో మాత్రం ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. కొన్ని రైలు పెట్టెల్లా సాగి ఉండేవి.

అమ్మకు చెబితే, "ఏందే, ఇల్లు గొల్సుడైందా? కొనేటట్టే ఉన్నవ్ గదా!" అని నవ్వింది. బాపు గోదాములో డ్యూటీ చేసి అలసిపోయి వచ్చేవాడు. "కట్టెటోని చెయ్యి జారిందేమో, పో" అన్నాడు. చెయ్యి జారితే ఒక గోడ వంకరపోతుంది. రెండు గోడలూ తిన్నగా నిలబడి మధ్యలో చోటు పెరగడం చెయ్యి జారితే జరిగే పని కాదు. ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేదు.

ఆ మేడ నిజానికి అద్దెకివ్వడానికి కట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ముత్యాల వ్యాపారి తన సంసారం కోసం కట్టించుకున్నాడట. సముద్రపు రాయితో లావుపాటి గోడలు, వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క వసారా, గాలిని పట్టి కిందికి దింపే గోపురం, కిటికీల పైన జిప్సం పలకల్లో చెక్కిన జాలీలు. ఆ జాలీల్లో ఎనిమిది మూలల చుక్కలు, చుక్కల మధ్య పువ్వులు. ఎటు తిప్పి ఊహించుకున్నా అదే ముగ్గు వచ్చేది. నేను వాటిని చూస్తూ అన్నం చల్లారబెట్టుకునేదాన్ని.

మేము చేరేనాటికి ఆ సొగసంతా పోర్షన్ల కింద నలిగిపోయి ఉంది. దుమ్ము రాకుండా జాలీల్లో పేపర్లు కుక్కారు. గాలి గోపురం నోటికి రేకు కొట్టారు. ఏసీ పెట్టె పట్టడానికి మా వరండాలో ఒక పువ్వును సగానికి కోసేశారు. మిగతా సగం ఎలా ఉండేదో లెక్క చూసుకుని నేను ఏసీ పక్కన బొగ్గుతో గీస్తే, నాతూర్ చాచా నన్ను పట్టుకుని తిట్టాడు. బిల్డింగు కాపలా చూసే మనిషిని అక్కడ నాతూర్ అంటారు. మా నాతూరు హైదరాబాదాయన. పువ్వును కోసినవాడిని ఏమీ అనకుండా, పూర్తిచేసిన నన్ను తిట్టడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

నా ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు ఒక్కడే ఉండేవాడు. పెద్ద తలుపు పక్కన అరుగు మీద కూర్చునే ముసలాయన. అందరూ ఆయన్ను హజ్జీ అనేవారు. మేడ కట్టించిన వ్యాపారికి మనవడు, ఆ ఇంట్లోనే పుట్టాడు. కొడుకులతో కొత్త ఇంటికి మారినా, ప్రతి పొద్దునా కారులో వచ్చి మధ్యాహ్నం దాకా ఆ అరుగు మీదే గడిపేవాడు. వయసులో ఉండగా బొంబాయితో వ్యాపారం చేశాడు కనుక హిందీ ధారాళంగా మాట్లాడేవాడు. నాకూ అప్పటికి ఆ పాటి హిందీ వచ్చేసింది.

కానీ ఆయన్ను గది సంగతి అడిగితే వాళ్ళ తాత దగ్గర మొదలుపెట్టేవాడు. తాత కర్జకాన్ అనే పల్లె నుంచి గాడిద మీద మనామాకు రావడం, ముత్యాలకు మునిగేవాళ్ళు నీళ్ళు పోకుండా ముక్కుకు పెట్టుకునే పట్టకారు, ముత్యాలను జల్లించే ఇత్తడి జల్లెడలు, అన్నీ చెప్పేవాడు. కథ మేడ పునాది దాకా వచ్చేసరికి అజాన్ వినబడేది, లేదా కొడుకు కారు వచ్చేది. మర్నాడు అడిగితే మళ్ళీ తాత, మళ్ళీ గాడిద. మధ్యలో తొందరపెడితే "సబర్ బేటీ, సబర్" అని ఓపిక పట్టమనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి మాత్రం అదృష్టం కొద్దీ కథ ఇంటి పైకప్పు దాకా వచ్చింది. ఆ దేశంలో దూలాలకు పనికొచ్చే చెట్లు లేవట. ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో మడచెట్ల కొయ్యలు వచ్చేవి. అవన్నీ దాదాపు ఒకే పొడుగు. ఎంత డబ్బున్నవాడైనా ఆ కొయ్య అందినంత వెడల్పే గది కట్టుకోవాలి, పొడవు మాత్రం వాడి ఇష్టం. ఈ మాటతో నా లెక్క సగం తేలింది, మిగతా సగం మరింత చిక్కుపడింది. కొయ్యలన్నీ ఒకటే అయితే మా గది అంత వెడల్పు రానే కూడదు! అది అడిగేలోపే కారు హారన్ మోగింది.

ఆ రోజుల్లోనే పక్క గది అక్కకు కొడుకు పుట్టాడు. ఆమెది నిజామాబాద్ వైపు. పెళ్ళైన చాలా ఏళ్ళకు గానీ వీసా దొరకలేదు. బావ ఒక కంపెనీలో క్రేన్ నడిపేవాడు. పిల్లవాడిని మంచం మీద పడుకోబెడితే చాలు, కేకలు. ఒళ్ళో ఊపితేనే ఊరుకునేవాడు. కింది బ్యాచిలర్లు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళు. వాళ్ళు వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. బావ ఇనుప స్టాండు ఉయ్యాల తెచ్చాడు. ఆ గదిలో మంచం పోను మిగిలిన చోట స్టాండు పట్టింది కానీ ఉయ్యాల ఊగలేదు. అటు ఊపితే గోడ, ఇటు ఊపితే మంచం.

అప్పుడు బావ మన దగ్గర ఎవరైనా చేసే పనే చేశాడు. ఇంట్లో దూలం ఉందంటే దానికి చీర ఉయ్యాల కట్టడం మనవాళ్ళకు ఆలోచించి చేసే పని కాదు. అక్క గదిలో నీలం రంగు పూసిన కొయ్యలు పైన వరసగా కనబడుతూనే ఉన్నాయి. బావ ఒకదాని చుట్టూ తాడు వేసి, బిడ్డను పెట్టే ముందు గట్టిగా గుంజి చూశాడు. కొయ్య కిర్రుమంది. పైనుంచి ఎండిన మట్టి, దాని వెనకే గోడ అంచు నుంచి జిప్సం పెళ్ళ ఊడి మంచం మీద పడింది. బిడ్డ అక్క ఒళ్ళో ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

చప్పుడుకు నాతూర్ చాచా పరుగెత్తుకొచ్చాడు. "అరె భాయ్, ఛత్‌కు తాడు కట్టుడు నక్కో అని ఎన్నిసార్లు చెప్పాలె?"

"గింత పోరని బరువుకే కూలుతదా చాచా మీ మేడ?" అన్నాడు బావ, తల మీది మట్టి దులుపుకుంటూ.

"ఇది మేడ కాదు మియా, ముసలిది. నువ్వు ముసలిదాని జుట్టు గుంజినవ్!"

అందరూ నవ్వారు, అక్క తప్ప. చాచా నవ్వుతూనే అసలు మాట చెప్పాడు. ఏడుపు మీద ఫిర్యాదులు ఎక్కువయ్యాయి, హజ్జీ కొడుకులు పెట్టిన మ్యానేజరు పోర్షన్ ఖాళీ చేయించమంటున్నాడు. బావ తాడు విప్పి చుట్టుకుంటూ, అక్కతో, "ఇగ నువ్వు ఊరికి పో. పోరడు జర పెద్దగైనంక మల్ల తీస్క వస్త" అన్నాడు. శనివారానికి టికెట్ తీస్తానన్నాడు. అక్క ఆ పూట మా గదిలో అమ్మ పక్కన కూర్చుని, "ఒక్కపారి పోతే మల్ల వీసా అయితదా వదినె? గింతకాలం ఫోన్లనే కాపురం జేస్తిమి. గిప్పుడు పోరడు గూడ ఫోన్లనే తండ్రి గొంతు ఇనాల్నా?" అంది.

నేను ఆ మాటలు వింటూ మా గది పైకప్పు వైపు చూశాను. కొయ్యలు కనబడవు. మట్టి రాలకుండా బాపు ఎప్పుడో కింద ప్లైవుడ్ కొట్టించాడు. పొడుగు కొయ్య లేకుండా వెడల్పు గది రాదు. అంటే ఆ ప్లైవుడ్ పైన ఉన్నది మడకొయ్య కాదు, వేరే ఏదో. ఇంత తేలికైన మాట ఇన్నాళ్ళూ తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున్నే అరుగు దగ్గరికి వెళ్ళి, గది సంగతి కాకుండా, "మా గదికి పొడుగు కొయ్య ఎక్కడిది?" అని అడిగాను. హజ్జీ నావైపు చూసి, "కూర్చో" అన్నాడు. మళ్ళీ తాత. మళ్ళీ కర్జకాన్, మళ్ళీ గాడిద. పైన అక్క సూట్‌కేసు సర్దుకుంటోంది. ఈయనేమో గాడిదకు వేసిన మేత గురించి చెబుతున్నాడు. లేచి వెళ్ళిపోదామా అని ఎన్నిసార్లు అనుకున్నానో. వెళితే ఇంకెవరిని అడగాలో తెలియక కూర్చున్నాను.

శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి కారు తొందరగా రాలేదు. కథ ఎప్పుడూ ఆగే చోటు దాటింది. హజ్జీ తండ్రి పెళ్ళికి తాత మేడ మీద ఒక గది వేయించాలనుకున్నాడట. ఆ ఏడాది పడవలు దాదాపు ఖాళీగా తిరిగొచ్చాయి. గోడలు లేచాయి గానీ కొయ్యలకు డబ్బు లేదు. అప్పుల వాళ్ళు పెద్ద పడవను తీసుకుపోతారని తెలిసి, తాత దాన్ని తానే విప్పించాడు. దాని తెరచాప స్తంభం మలబారు టేకు. దాన్ని ముక్కలుగా కోయించి మా గదికి దూలాలుగా వేయించాడు. ఆ ముక్కల పొడుగుకు సరిపోయేలా, లేచిన గోడ ఒకటి పడగొట్టించి, జరిపి మళ్ళీ కట్టించాడు కూడా.

"గోడ జరపడం ఎందుకు? కొయ్యనే ఇంకొంచెం కోస్తే సరిపోయేది కదా!" అన్నాను. నా లెక్కకు అదే చవక.

హజ్జీ మెల్లిగా, వడ్రంగి రంపం పట్టుకుని అదే అడిగాడనీ, చివరి కోతకు తాతకు మనసు రాలేదనీ చెప్పాడు. నేను ఇన్నాళ్ళు వెతికిన జానెడు అదేనన్నమాట. అది తెలిశాక నాకు సంతోషం కలగలేదు. ఇది ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండునని ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంతోనే అక్క సంగతంతా గబగబా చెప్పేశాను.

మోకాళ్ళ నొప్పితో ఏళ్ళ తరబడి మెట్లెక్కని మనిషి, చాచా భుజం పట్టుకుని పైకి వచ్చాడు. బాపు చేత ప్లైవుడ్ పలక ఒకటి ఊడదీయించాడు. పైన నల్లగా నూనె దేరిన దూలం, నా నడుమంత లావు. హజ్జీ చేతికర్రతో కొడితే గుడిగంట అంత కాకపోయినా, నిండు బిందె మీద కొట్టినట్టు గట్టి చప్పుడు వచ్చింది. అంతటితో ఒప్పుకోలేదు. మా బియ్యం బస్తాను దానికి కట్టించాడు. దాన్ని ఊపమని బావకు చెప్పాడు. కింది బ్యాచిలర్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"జోల వాడు బావా, బియ్యం పండుకుంటలేవు" అని ఒకడు అన్నాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా బస్తా అలాగే వేలాడింది. మట్టి రవ్వ కూడా రాలలేదు. హజ్జీ తిరిగొచ్చి చూసి, మ్యానేజరుతో తాను మాట్లాడతానన్నాడు. తర్వాత అక్క తన చీర తెచ్చి కట్టింది. పిల్లవాడు రెండు ఊపులకే కళ్ళు మూశాడు. కింద మనుషులు పడుకున్నారు. బావ మా అమ్మ వైపు చూడలేక, గోడ వైపు తిరిగి, "టికెట్ ఖలాస్" అన్నాడు. అక్క సూట్‌కేసు మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది.

మా గది మాత్రం ఆ రోజు నుంచి మాది కాకుండా పోయింది. ఎక్కాలు పైకి చదవకూడదు, తలుపు చప్పుడు చేయకూడదు, ఉయ్యాల ఆగితే నేనే ఊపాలి. కనిపెట్టింది నేను, దాని వల్ల ఇబ్బంది పడిందీ నేనే. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

నేను పెద్ద చదువులు చదవలేదు. మనామా నుంచి తిరిగొచ్చాక, మా వైపు పాత ఇళ్ళు బాగుచేయించేవాళ్ళకు కొలతలు తీసి, సామాను లెక్క కట్టి ఇస్తాను. అదంతా చూసి చూసి నేర్చుకున్నదే. కొలత కుదరని చోట ఇప్పటికీ నాకు కట్టినవాడి తప్పు అని తోచదు, చివరి కోతకు ఎవరికో మనసు రాలేదేమో అనిపిస్తుంది. అందుకని ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను వెతుక్కుంటాను. ఓపిక మాత్రం పెరగలేదు. మొన్న ఒక ముసలమ్మ, వంటింటి గోడ పక్కకు ఎందుకు జరిగి ఉందని అడిగితే, తన మేనత్త పెళ్ళి దగ్గర మొదలుపెట్టింది. బయట మేస్త్రీ గడియారం చూసుకుంటున్నాడు. నాకూ లోపల ఉడికిపోతోంది. పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.