కమాండర్ కుడిచేయి

భిక్షం చేసిన విగ్రహాలు మీరు కనీసం వంద చూసి ఉంటారు. అతను చేసినవని మీకు తెలియదు, అంతే. సినిమాలో రాజుగారి కోట ముందు ఏనుగులు, విలన్ ఇంటి గేటు మీద సింహాలు, ఊరి నడుమ నాయకుడి బొమ్మ, అన్నీ థర్మోకోల్, ఫైబర్, పైన కంచురంగు. షూటింగ్ అయిన మర్నాడు వాటిని సమ్మెటతో పగలగొట్టి లారీకెత్తుతారు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. నేను సినిమాలకు మాటలు రాసుకునేవాడిని. షేక్‌పేటలో నా గది, అతని రేకుల షెడ్డు పక్కపక్కనే. లారీ వచ్చే రోజు అతను ఫిల్మ్ నగర్ ఛాయలకు కూడా వెళ్లడు. ఏదో పని కల్పించుకుని ఎటో పోతాడు.

అలాంటి మనిషికి నిరుడు అసలు కంచు పని దొరికింది. జూబ్లీ హిల్స్‌లో ఒక కాలనీ వాళ్లు, తమ మధ్యే ఉండి కన్నుమూసిన నౌకాదళ అధికారి కమాండర్ రవిచంద్రకు కూడలిలో విగ్రహం పెట్టాలనుకున్నారు. ఓడ ఇంజను గదిలో మంటలు లేస్తే లోపలికి దిగి ఏడుగురు నావికులను బయటికి తెచ్చిన మనిషి ఆయన. కాలనీ సంఘం అధ్యక్షుడు అచ్యుతరామయ్య గారు, దిమ్మె మీద రాయిలో "శిల్పి: భిక్షం" అని చెక్కిస్తామని మాటిచ్చారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి భిక్షం కాలు ఒకచోట నిలవలేదు. తెర మీద కూడా ఎప్పుడూ పేరు పడనివాడు మరి.

అతని చేతుల గురించి చెప్పాలి. ఫైబర్ పనిలో రసాయనాలు తినేయడంతో వేళ్లు నల్లబడి పగిలిపోయి ఉంటాయి. పెద్దవాళ్ల ముందు నిలబడితే రెండు చేతులూ వాటంతట అవే వెనక్కి పోతాయి. అచ్యుతరామయ్య గారు కాఫీ కప్పు అందించబోతే "ఇప్పుడే తాగిన సార్" అనేస్తాడు. తాగి ఉండడు.

మట్టి నమూనా చూసి సంఘం వాళ్లంతా చప్పట్లు కొట్టారు. కమాండర్ నిటారుగా నిలబడి సెల్యూట్ చేస్తుంటాడు, విప్పిన అరచేయి ఎదుటివాళ్లకు కనబడేలా. మా సినిమాల్లో యూనిఫాం వేసిన ప్రతివాడూ అలాగే చేస్తాడు. అరచేయి కెమెరాకు పడితేనే హాల్లో ఈలలు పడతాయని మాకో నమ్మకం. కమాండర్ భార్య అంతకుముందే పోయారు. మేనకోడలు పంపిన ఫొటోల్లో సెల్యూట్ లేదు. ఎవరికీ అనుమానం రాలేదు. నేవీ సీన్లు రాసి డబ్బు తీసుకున్న నాకూ రాలేదు. తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోత పోయడం అయింది. ముక్కలు అతికిన విగ్రహం మెరుగు కోసం షెడ్డుకు వచ్చింది. ఆవిష్కరణకు ఇంకా పన్నెండు రోజులుంది. ఆ ఉదయం ఓంప్రకాష్ చూడటానికి వచ్చాడు. కూడలి పక్క ఇంట్లో వాచ్‌మన్ అతను. అంతకుముందు నావికుడు, కమాండర్ కింద నాలుగేళ్లు పనిచేసినవాడు. విగ్రహం ముందు మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. అరచేయి నేలవైపు వాలి ఉంది.

భిక్షం ఆ చేతిని చూశాడు. తను చేసిన చేతిని చూశాడు.

"గదేంది భయ్యా, చేయి గట్ల దించినవ్?"

"నేవీల గిట్లనే కొడతరు. చేయి ముందుకు చూపెట్టేది ఆర్మీ వాళ్లు." ఓంప్రకాష్ మొహమాటంగా నవ్వాడు. "పాత కాలంల ఓడ మీద తాళ్లు, తారు, గ్రీజు... చేతులు గలీజుగ ఉంటుండె గద. పెద్ద సాబ్‌కు కనబడొద్దని కిందికి తిప్పుతుండ్రట. మాకు గట్లనే చెప్పిండ్రు."

"మరి కమాండర్ సాబ్?"

"ఆయన గూడ గంతే. ఆయన చేతులు సాఫే ఉంటుండె. అయినా మా లెక్కనే కొట్టేటోడు."

ఆ మాట భిక్షాన్ని పట్టుకుంది. మూడు రోజులు అన్నం సయించలేదు. మెరుగు పెడుతూ ఆ చేతి దగ్గరికి రాగానే గుడ్డ విసిరేసి బయటికి వచ్చేవాడు. ఫ్లైఓవర్ దాకా నడిచి వెనక్కి వచ్చేవాడు, మళ్లీ బయల్దేరేవాడు. చూడలేక నేనే ఆపి, ఎవరికి తెలుస్తుందయ్యా, వదిలెయ్యమన్నాను. సిగ్గులేని మాటే, కానీ అన్నాను.

"ఆయన మా అసుంటోళ్ల లెక్క చేయి దించిన మనిషి సార్," అన్నాడు. "నేను ఆయన సాఫ్ చేయి ఊరందరికి చూపెడుతున్న. ఎట్ల ఊకుండాలె?"

నాలుగో రోజు అచ్యుతరామయ్య గారింటికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను.

"ఏంటయ్యా భిక్షం, ఇప్పుడా చెప్పేది?" ఆయన కుర్చీలోంచి లేచారు. "మంత్రిగారి డేటు దొరకడమే గగనమైపోయింది. కార్డులు పంచేశాం. కోసిన చెయ్యి సరిగ్గా అతక్కపోతే మొండిచేతి బొమ్మ పెట్టమంటావా?"

"అతుకుత సార్."

"వద్దు. ఆ చెయ్యి ముట్టుకున్నావంటే రాయి మీద నీ పేరుండదు. ఆ తర్వాత నీ ఇష్టం."

భిక్షం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "సరే సార్" అని వచ్చేశాడు. లొంగిపోయాడనుకున్నాను. ఎందుకో నాకే బాధేసింది.

మర్నాడు పొద్దున కోత మిషన్ చప్పుడుకు మెలకువ వచ్చింది. పరుగెత్తి వెళ్లేసరికి కమాండర్ కుడిచేయి మణికట్టు దగ్గర తెగి నేల మీద పడి ఉంది.

కొత్త చేతికి ఓంప్రకాష్ చేతినే అచ్చు తీశాడు. ఓంప్రకాష్ అరచేతిలో అడ్డంగా ఓ మచ్చ ఉంది, ఎప్పుడో ఓడ తాడు కోసుకుపోయింది. "గా మచ్చ తీసెయ్యి భయ్యా, సాబ్ చేతికి బాగుండదు," అని చెప్పి డ్యూటీకి పోయాడు. మొదటి పోతలో బుడగలు వచ్చి చిటికెన వేలు పోయింది. మళ్లీ పోశారు. ఆ రోజుల్లో భిక్షంతో మాట్లాడాలంటే భయమేసేది. అతుకు పూర్తయ్యేసరికి ఆవిష్కరణకు ఒక్క రోజు మిగిలింది.

అచ్యుతరామయ్య గారు మాట మీద నిలబడే మనిషి. దిమ్మెకు కొత్త రాయి పెట్టించారు. దాని మీద కమాండర్ పేరుంది, మంత్రి పేరుంది, సంఘం సభ్యుల పేర్లు పదకొండూ ఉన్నాయి.

మంత్రి తెర లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వెనక ఎవరో అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు "సెల్యూట్‌లో పవర్ లేదు బ్రో" అన్నాడు. నేను తిరిగి చూసిన చూపుకు పక్కకు తప్పుకున్నాడు. జనం పలచబడ్డాక ఓంప్రకాష్ దిమ్మె దగ్గరికి వచ్చి సెల్యూట్ కొట్టాడు. తల ఎత్తాడు. కింద నిలబడి చూస్తే ఆ అరచేయి బాగా కనబడుతుంది.

"మచ్చ తియ్యలేదేంది?" అన్నాడు.

"ఉండనీ భయ్యా," అన్నాడు భిక్షం.

నాకు మాత్రం ఆ రాయి చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. నెల గడిచాక ఒక ఉదయం అటు వెళుతుంటే భిక్షం విగ్రహం కింద నిలబడి ఉన్నాడు. రోజూ వస్తున్నాడని గేటు దగ్గర ఓంప్రకాష్ చెప్పాడు. పేరు కూడా లేనిచోట రోజూ ఏం పనయ్యా అని విసుక్కున్నాను.

"ఏం లేదు సార్," అన్నాడు భిక్షం, పైనున్న చేతి మీంచి చూపు తిప్పకుండా. "నెల దాటింది. లారీ రాలే."