నాలుగో నంబరు కెమెరా జాతకం

మిషిగన్ రాష్ట్రంలో మా తాతయ్యకు ఫొటో ఇవ్వని జింక లేదు. అక్కడి జింకపిల్లలు తల్లి కడుపులో ఉండగానే తమకు కుడివైపు మొహం బాగుంటుందో ఎడమవైపు బాగుంటుందో తేల్చుకుని మరీ పుడతాయి. ఆయన చెయ్యి పడిన కెమెరా మంచులో వణకదు, వానలో తుమ్మదు. ఒకసారి ఎలుగుబంటి ఒక కెమెరాను నోట్లో వేసుకుని నమిలితే, అది లోపలినుంచి దాని పళ్లన్నీ ఫొటో తీసి ఇచ్చింది.

ఇవి నా మాటలు. ఆయనతో అంటే "డేటా ఏదీ?" అంటాడు.

తాతయ్య పేరు చక్రపాణి. మా ఇల్లు ట్రాయ్‌లో. కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఆయన ఇరవై ఎనిమిదేళ్లు తలుపు గడియలు పరీక్షించాడు. అంటే ఒక మర చేత కారు తలుపును లక్షసార్లు తెరిపించి, లక్షసార్లు వేయించి, లక్షా ఒకటోసారి ఏది విరుగుతుందో చూడడం. రిటైరైన కొత్తలో ఆ అలవాటు పోక మా వంటింటి మైక్రోవేవ్ తలుపు మీద పడ్డాడు. తెరవడం, వేయడం, పుస్తకంలో గీత గీయడం.

"ఏవండీ, అది పాలు కాచుకోవడానికి. మీ టెస్టింగ్‌కి కాదు," అంది నానమ్మ.

"ఫోర్ థౌజండ్ అయ్యాయి కుమారీ. ఇంకో వెయ్యి చూసి వదిలేస్తాను."

ఆ వెయ్యి పూర్తికాకముందే మా ఎదురింటి వాల్ట్ మమ్మల్ని కాపాడాడు. వాల్ట్‌కు డెబ్బై నాలుగేళ్లు, ఒక మోకాలు సొంతం, ఒక మోకాలు డాక్టరు పెట్టినది. ఉత్తరాన గంట దూరంలో ఆయనకు నలభై ఎకరాల అడవి ఉంది. ఏటా నవంబరు పదిహేనున తుపాకి వేట మొదలవుతుంది. అంతకు రెండు నెలల ముందే వాల్ట్, ఆయన స్నేహితులు ఐదుగురు చెట్లకు కెమెరాలు కట్టి వస్తారు. ఏ జింక ఏ దారిన ఏ వేళకు నడుస్తుందో కెమెరా చూసి పెడుతుంది. వారానికోసారి వెళ్లి ఫొటోలున్న మెమరీ కార్డు తెచ్చుకుంటే చాలు.

ఒక చెత్తబండి రోజున వాల్ట్ అలాంటి కెమెరానొకదాన్ని డబ్బాలో పారేయడం తాతయ్య కిటికీలోంచి చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి దాన్ని బయటికి తీశాడు. విప్పి చూస్తే లోపల చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టి ఉన్నాయి. తాతయ్య పాత టూత్‌బ్రష్‌తో వాటిని ఖాళీ చేయించి, మూత చుట్టూ కొత్త రబ్బరు వేసి, మర్నాడు వాల్ట్ చేతిలో పెట్టాడు. అది పనిచేసింది. అప్పటినుంచి ఆ ఆరుగురి కెమెరాలకూ వైద్యుడు మా తాతయ్యే.

జీవితంలో గుడ్డు కూడా ముట్టని మనిషి ఆయన. వాల్ట్ ప్రతి ఏడూ తలుపు తట్టి, "చక్, జింక సాసేజ్ తెచ్చాను, తింటావా?" అంటాడు. ఇంగ్లీషులోనే అంటాడు, నేను మన భాషలోకి దించాను. తాతయ్య కూడా ప్రతి ఏడూ ఒకటే జవాబు చెప్తాడు: "నాకు దాని ఫొటో చాలు వాల్ట్."

ఇంట్లో మాత్రం నానమ్మకు శాంతి కరువైంది. మైక్రోవేవ్ బతికింది, ఫ్రీజర్ బలైంది. చలికి తట్టుకుంటుందో లేదో చూడాలని కెమెరాలను ములక్కాడ ముక్కల పక్కన పడుకోబెట్టేవాడు. తేమకు తట్టుకుంటుందో లేదో చూడాలని ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టుకునేవాడు. ఒక్కో కెమెరాకూ నోటుబుక్కులో ఒక పేజీ. దాన్ని మేము జాతకం అంటాం. ఏ రోజు పుట్టింది, ఏ రోగం వచ్చింది, ఏ మందు వేశాడు, అన్నీ అందులో ఉంటాయి. చవక బ్యాటరీలు చలికి చస్తాయి, చస్తూ చస్తూ కారి లోపలి రేకును తినేస్తాయి. మూడో ఏటికి రబ్బరు గట్టిపడి తేమను లోపలికి రానిస్తుంది. మొదటి పేజీలో తాతయ్య పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: "మామూలు ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు. మూత సరిగా వేసేవాడి చేతిలో ఏడు."

ఇలా హాయిగా సాగుతుండగా ఆ ఏడు అక్టోబరులో ఒక గొడవ వచ్చింది. వాల్ట్ అడవిలోని షెడ్డులో అందరూ కూర్చుని ఉండగా ఒకాయన, ఈ పాత డబ్బాలు పారేసి ఫోన్‌కి నేరుగా ఫొటోలు పంపే కొత్త కెమెరాలు కొందాం అన్నాడు. నేను తాతయ్యను డ్రైవ్ చేసి తీసుకెళ్లాను కాబట్టి అక్కడే ఉన్నాను. ఆయన చెవులు ఎర్రబడడం చూశాను.

"నేను బాగుచేసిన ఆరింటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నవంబరు పదిహేనులోపు నా పనిలో లోపంతో మొరాయిస్తే, ఏడాదిపాటు కెమెరా ముట్టుకోను," అన్నాడు.

ఎవరూ అడగలేదు. ఎవరూ పందెం కూడా కట్టలేదు. కారెక్కాక అడిగాను.

"ఎందుకలా అన్నావు తాతయ్యా? ముట్టుకోకుండా ఏడాది ఏం చేస్తావు?"

"ఆ అవసరం రాదు."

"నానమ్మ మైక్రోవేవ్ సంగతి ఆలోచించావా?"

"రోడ్డు చూసి నడుపు."

రెండు వారాలకు కార్డులు వచ్చాయి. ఐదు కెమెరాల నిండా జింకలు, కుందేళ్లు, ఒక నక్క. నాలుగో నంబరు కార్డు మాత్రం ఖాళీ. ఆ నాలుగోది అసలు వాల్ట్‌కు ప్రాణం. వాగు పక్కన దారిలో ఉంటుంది. వంకర కొమ్ము మగజింక ఒకటి నాలుగేళ్లుగా ఆ దారినే వస్తోంది. వాల్ట్ దానికి మేయర్ అని పేరు పెట్టాడు.

తాతయ్య దాన్ని ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి పరీక్షించాడు. ఆవకాయ జాడీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న నానమ్మను నలభై ఫొటోలు తీసింది. ఏ రోగమూ లేదు. తిరిగి తీసుకెళ్లి కట్టాడు. వారానికి మళ్లీ ఖాళీ. బ్యాటరీలు మార్చాడు, కార్డు మార్చాడు, చెట్టు కూడా మార్చాడు. మళ్లీ ఖాళీ. ఆ వారం ఆయన అన్నంలో పప్పు కలుపుకోవడం మరిచిపోయి ఉత్తన్నం తిన్నాడు.

నవంబరు ఏడు మధ్యాహ్నం నన్ను పిలిచాడు. కెమెరాను మా గరాజ్ స్తంభానికి కట్టి, జింక బదులు నన్ను నడిపిద్దామని. పరీక్షలో పెట్టినప్పుడు ఎదురుగా ఏదైనా కదిలితే కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

"ఇటునుంచి అటు నడు."

"కొమ్ములు పెట్టుకోమంటావా?"

"నోరు మూసుకుంటే చాలు. జింకలు మాట్లాడవు."

అంటూనే కెమెరా మీద కవరు తీయబోయాడు. ఆ కవరు సంగతి చెప్పాలి. మా ఇంట్లో టీవీ రిమోట్ బటన్లను ఇంతవరకు ఎవరి వేలూ నేరుగా తాకలేదు. కొన్న రోజే దానికి ప్లాస్టిక్ కవరు పడింది. సూట్‌కేసులకు కవర్లు, కుర్చీలకు కవర్లు, కవర్లు దాచుకోవడానికి ఒక పెద్ద కవరు. నాలుగో నంబరు వాగు పక్కన ఉంటుంది కదా, నీళ్లు చిందుతాయని తాతయ్య దానికి కూడా ముసుగు చేశాడు. కాజూ కత్లీ డబ్బా మీది గట్టి ప్లాస్టిక్ మూతను కత్తిరించి ముందువైపు అంతా కప్పేలా తొడిగాడు. అద్దంలోంచి చూసినట్టు అవతలిది కనిపిస్తుంది. ఇంట్లో పరీక్షించేటప్పుడు గీతలు పడతాయని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, అడవికి వెళ్లేముందు మళ్లీ పెట్టేవాడు.

"కవరు తీయకు తాతయ్యా. అడవిలో తీస్తున్నావా ఏమిటి?"

"దానికీ దీనికీ ఏం సంబంధం? రిమోట్‌కి కవరుంటే టీవీ రావట్లేదా? రెండు సెమిస్టర్లకే కాలేజీ ఆపేసినదానివి, నాకు టెస్టింగ్ నేర్పుతావా?"

"నేర్పను. నడుస్తానంతే."

నడిచాను. లైటు వెలగలేదు. పరుగెత్తాను. వెలగలేదు. చిన్నప్పుడు నేర్చుకుని మరిచిపోయిన కూచిపూడి మొత్తం ఆడాను. గరాజ్ ముందు కుక్కతో నడుస్తున్న ఆవిడ ఆగి చూసింది గాని, కెమెరా చూడలేదు. కవరు తీశాను. చిటికెన వేలు ఊపానో లేదో, ఎర్ర లైటు.

తాతయ్య కవరు పెట్టాడు, తీశాడు, పెట్టాడు, తీశాడు.

ఆ కెమెరాకు రెండు కళ్లు. పెద్ద కన్ను ఫొటో తీస్తుంది. దాని కింది చిన్న కన్ను కదిలే ఒంటి వెచ్చదనాన్ని పసిగట్టి పెద్ద కన్నును నిద్ర లేపుతుంది. రిమోట్ వెలుతురు పల్చటి కవరును దాటుతుంది గాని, జింక ఒంటి వెచ్చదనం ఆ గట్టి మూతను దాటదు. ఇన్ని వారాలూ మేయర్‌గారు దాని ముందునుంచే నడిచి ఉంటారు. లేపేవాళ్లు లేక పెద్ద కన్ను పడుకుంది.

తాతయ్య నోటుబుక్కు తెరిచాడు. నాలుగో నంబరు జాతకంలో ఆ రోజు తారీఖు వేసి, "లోపం: ఫొటోలు లేవు" అని రాశాడు. "కారణం" అన్నచోట ఒకే మాట రాశాడు: చక్రపాణి.

"తాతయ్యా, కవరు పీకి పారేయ్. ఉడుత ఏదో వైరు కొరికిందని చెప్దాం. నవంబరు పదిహేనుకి ఇంకా వారం ఉంది. ఎవరికీ తెలియదు."

"ఉడుత ఏం చేసిందే పాపం," అన్నాడు.

మర్నాడు వాల్ట్ గరాజ్‌లో ఆరుగురి ముందూ కాజూ కత్లీ మూతను బల్లమీద పెట్టి అంతా చెప్పాడు. వాల్ట్ నవ్విన నవ్వుకు గోడకు వేలాడే రెంచి కింద పడింది.

"చక్, కెమెరా చెడిపోలేదు కదా! ఇది లెక్కలోకి రాదు."

"కొన్నవాడి దగ్గర పనిచేయకపోతే ఫెయిలే. ఇరవై ఎనిమిదేళ్లు అందరికీ ఇదే చెప్పాను. నాకో రూలు, మీకో రూలా?" అని తాతయ్య స్క్రూడ్రైవర్ల పెట్టె మూసి వాల్ట్‌కే ఇచ్చేశాడు.

కవరు లేని నాలుగో నంబరు మర్నాడే మేయర్ ఫొటో ఇచ్చింది. తాతయ్య ఆ ఫొటో చూశాడు గాని, కెమెరాను ముట్టుకోలేదు.

ఆ చలికాలం వాళ్లు కొత్త కెమెరాలు మూడు కొన్నారు. జనవరి చలికి రెండు ఆగిపోయాయి. మూడోది గాలికి ఊగే ఒక కొమ్మ మీద మనసు పడి, ఒక్కరోజులో తొమ్మిది వందల ఫొటోలు వాల్ట్ ఫోన్‌కి పంపింది. వాల్ట్ మూడింటినీ సంచిలో వేసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బాగుచేయొద్దు చక్. ఊరికే చూడు."

తాతయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నవంబరు ఎనిమిదికి రా."

"నేను విప్పుతాను, నువ్వు నోటితో చెప్పు," అన్నాను.

"చెప్పడం కూడా ముట్టుకోవడమే."

సరేనని జాతకాల పుస్తకం చూసుకుంటూ నేనే ఒకదాన్ని బల్లమీద విప్పడం మొదలుపెట్టాను. స్క్రూ తిప్పుతున్నది ఎడమకో కుడికో నాకే తెలియలేదు. తాతయ్య కాసేపు చూశాడు, గడ్డం గోక్కున్నాడు, తర్వాత కోటు వేసుకుని బయటికెళ్లి మంచులో నిలబడ్డాడు. నానమ్మ మాత్రం ఫ్రీజర్ తలుపు తీసి, "ఎన్నాళ్లకు ఖాళీ కనిపించిందే!" అని మురిసిపోయి, వారం తిరక్కుండా మైక్రోవేవ్ తలుపు చప్పుడు మళ్లీ వినబడేసరికి నుదురు కొట్టుకుంది.

ఏడాది సరిగ్గా నిండిన ఉదయం, కాఫీకి కూడా ఆగకుండా రోడ్డు దాటి వెళ్లి పెట్టె వెనక్కి తెచ్చుకున్నాడు. వాల్ట్ సంచితో సహా వెనకే వచ్చాడు. నేను విప్పి పెట్టినదాన్ని చూసి తాతయ్య పది నిమిషాలు తలపట్టుకున్నాడు. అది బతకలేదు. మిగతా రెండూ బతికాయి. నాలుగో నంబరుకు ఇది ఏడో చలికాలం, ముసుగు లేకుండా వాగు పక్కనే ఉంది.

రాసినదంతా నిన్న ఆయనకు చదివి వినిపించాను. కెమెరా మూతకు రబ్బరు వేస్తూ, తల ఎత్తకుండా విన్నాడు.

"ఎలా ఉంది తాతయ్యా?"

"ఎలుగుబంటి ఎప్పుడు నమిలింది?"

"నమలలేదులే. అందంగా ఉంటుందని రాశాను."

"నీకంటే నాలుగో నంబరే నయమే. కనబడనప్పుడు ఖాళీ కార్డు ఇచ్చింది గాని, లేని ఎలుగుబంటిని ఇవ్వలేదు."