మోటారు మేళం

ఈ కథ చివరికొచ్చేసరికి మా నువ్వుల కల్లం నీళ్ళలో మునుగుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను తిట్టుకోకుండా. వాన వల్ల కాదు, వరద వల్ల కాదు, నాగావళి గట్టు తెగనూ లేదు. ముంచింది నేనే. అప్పటికి నేను విజయనగరంలో ఇంజినీరింగు మూడో ఏడాది పూర్తి చేసి, ఎలక్ట్రానిక్సులో నాకు తెలియనిది ఇంకా ఎవరూ కనిపెట్టలేదన్న నమ్మకంతో వేసవి సెలవులకి ఇంటికొచ్చాను. మార్కులకీ మెదడుకీ ఏదో చుట్టరికం ఉందని ఆ వయసులో అనుకునేదాన్ని.

మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. ఉన్నది చిన్న చేను. ఒక మూల మామిడిచెట్లు, ఇంకో మూల ఆనప, బీర పాదులు, మధ్యలో వేసవి పంటగా నువ్వులు. చేనుకి ఒక బోరు మోటారు, దాని పక్కన సిమెంటు తొట్టె. ఇంటి నుంచి అక్కడికి పోవాలంటే ఊరు దాటి, ఎవరెవరివో గట్లు పట్టుకుని నడవాలి. ఇంట్లో మేం నలుగురం: నాన్న, అమ్మ, నాన్నని కన్న మామ్మ, నేను.

వేసవిలో మా సుఖాలన్నీ ఆ మోటారు చుట్టూనే. నాన్న వెళ్ళి మోటారు వేసేవాడు. వెనకాల మేం ముగ్గురం తువ్వాళ్ళు, బట్టల మూట, చద్దన్నం గిన్నె పట్టుకుని ఊరేగింపులా బయల్దేరేవాళ్ళం. లావుపాటి గొట్టంలోంచి నీళ్ళు తొట్టెలో పడుతుంటే అమ్మ బట్టలు ఉతికేది. మామ్మ వీపు గొట్టానికి అప్పగించి, కళ్ళు మూసుకుని, శ్రీకాకుళంలో ఉన్న డాక్టర్లందరికంటే ఈ గొట్టమే నయమనేది. నేను గోనెసంచిలో మామిడిపళ్ళు వేసి తొట్టెలో పడేసేదాన్ని. స్నానాలయ్యాక చెట్టు నీడలో కూర్చుని చల్లబడ్డ పళ్ళు తినేవాళ్ళం. రసం మోచేతి దాకా కారేది. కారితే మంచిదే, మళ్ళీ తొట్టెలో దిగడానికి వంక దొరికేది.

చిక్కంతా కరెంటుతోనే. పొలాలకిచ్చే కరెంటు కొత్తల్లుడి అలకలాంటిది. ఎప్పుడొస్తుందో తెలియదు, ఎందుకు పోయిందో తెలియదు. వచ్చిందని తెలియగానే నాన్న తలమీద తువ్వాలు వేసుకుని ఎండలో పరిగెత్తేవాడు. ఒక్కోసారి ఆయన చేరేసరికి కరెంటు తిరుగు ప్రయాణం కట్టేసేది. వగర్చుకుంటూ వచ్చి అరుగుమీద కూలబడే నాన్నని చూసి నా ఇంజినీరింగు గుండె కరిగింది.

విజయనగరంలో ఒక దుకాణంలో మోటారుకి ఫోను స్టార్టరు దొరుకుతుందని తెలిసింది. చిన్న డబ్బా. అందులో సిమ్ము వేసి మోటారుకి తగిలిస్తే, ఎక్కడినుంచైనా ఆ నంబరుకి ఒక్క రింగిస్తే మోటారు ఆడుతుంది, ఇంకో రింగిస్తే ఆగుతుంది. దుకాణం ఆయన, ఎవరెవరి ఫోన్లకి పలకాలో ఆ నంబర్లు డబ్బాలో ఎక్కించుకోమని మరీమరీ చెప్పాడు. నాకది అనవసరమనిపించింది. నాన్న ఫోనులో ఛార్జింగు ఎప్పుడూ ఉండదు, దారిన పోయేవాళ్ళ ఫోను అడిగి చేస్తుంటాడు. అందుకని ఎవరు రింగిచ్చినా పలికేలా వదిలేశాను. నంబరు మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు కదా అని నా ధీమా. సిమ్ము మాత్రం రైల్వే స్టేషను బయట, గొడుగు కింద బల్ల వేసుకున్న కుర్రాడు ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చినదాన్ని అనుమానించే అలవాటు మా వంశంలో లేదు.

మొదటిరోజు నాన్న అరుగుమీద కూర్చుని, కాలుమీద కాలేసుకుని రింగిచ్చాడు. దూరంగా చేలోంచి మోటారు చప్పుడు సన్నగా వినబడింది. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పొలం పట్టా నా పేర రాసేస్తాడేమో అనుకున్నాను. సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళందరికీ, మా పాప మోటారుకి మాటలు నేర్పిందని చెప్పాడు. నమ్మనివాళ్ళ కోసం వాళ్ళ ఫోన్లతోనే రింగిచ్చి చూపించాడు. అమ్మ వంటింట్లోంచి రింగిచ్చి, పొయ్యి ఆర్పి, నింపాదిగా బయల్దేరేది. మేం వెళ్ళేసరికి తొట్టె నిండి ఉండేది. కొన్నాళ్ళు మేం జమీందార్లలా బతికాం.

ఆ తరవాత మోటారు తనంతట తాను ఆడడం మొదలుపెట్టింది.

ఓ రోజు మామ్మ ఆగిపోయిన గొట్టం ముందు కూర్చుని తల దువ్వుకుంటోంది. గొట్టం ఒక్కసారి గొంతు సవరించుకుని, ఆవిడ నెత్తిమీద నీళ్ళు కుమ్మరించింది. దువ్వెన తొట్టెలో తేలింది. ఆవిడ తేరుకుని లేచేలోపు మోటారు ఆగిపోయింది, మళ్ళీ ఆడింది. నేను డబ్బాని నాలుగువైపులా చూసి, ఇది సిగ్నల్ ఫ్లక్చువేషన్ అని తేల్చాను. ఆ మాటకి అర్థం నాకూ తెలియదు. ఇంగ్లీషులో చెప్పాను కాబట్టి నాన్న నమ్మాడు. మామ్మ నమ్మలేదు.

"ఫ్లేషనో గీషనో నాకు తెల్దు గానీ, దానికి దెయ్యం పట్టినాది. అయ్యగారిని పిలండి," అంది.

మేం బాప్టిస్టు చర్చివాళ్ళం. మామ్మ లెక్కలో, డాక్టరు చూడలేనిదీ ఇంజినీరు బాగుచెయ్యలేనిదీ పాస్టరు గారి శాఖలోకి వస్తుంది. ఆయన నెమ్మదస్తుడు. మోటారుకి ప్రార్థన చెయ్యడం తన చదువులో లేదని చెప్పాడు గానీ, పెద్దావిడ మాట తీసెయ్యలేక వచ్చాడు. పైరు కోసం, కుటుంబం కోసం, చివర్లో కొంచెం మొహమాటంగా మోటారు కోసం ప్రార్థన చేశాడు. మేం ఆమేన్ అన్నాం. మోటారు గుర్రుమని లేచింది.

పాస్టరు గారు కళ్ళు తెరిచి, దాన్ని చాలాసేపు చూసి, "జవాబైతే వచ్చింది," అన్నాడు. మామిడిపళ్ళ సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

నాన్న నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు. "పాపా, ఆ డబ్బా తీసేద్దామేటి?"

ఇక్కడే నేను ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇంతటితో ఆగిపోయేది, మీరూ మీ పని చూసుకునేవారు. కానీ టీకొట్టు దాకా పాకిన కీర్తిని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. కాస్త టైమివ్వు, సరిచేస్తానన్నాను.

ఈలోగా నువ్వులు కోతకొచ్చాయి. కోసి, కట్టలు కట్టి, తొట్టె పక్కనున్న కల్లంలో ఆరడానికి నిలబెట్టాం. నువ్వుకట్టలు ఎండితే కాయలు వాటంతట అవే నోళ్ళు తెరుస్తాయి, దులిపితే గింజ రాలుతుంది. తడిస్తే గింజ నల్లబడుతుంది, మొలకెత్తినా ఎత్తుతుంది. చేనులో పంట లేదు కాబట్టి నీళ్ళు అటు పోయే దారిని నాన్న మట్టితో మూసేశాడు. అంటే తొట్టె పొర్లితే నీళ్ళకి ఒకటే దారి, కల్లం. నిండుకుండ తొణకదంటారు. నిండిన తొట్టె మాత్రం శుభ్రంగా తొణుకుతుంది.

ఆదివారం చర్చికి బయల్దేరుతూ నాన్న మోటారు గదిలో మెయిను కట్టేసి వస్తానన్నాడు. నేను వద్దన్నాను. తిరిగొస్తూ దారిలోంచి రింగిస్తానని, చేను చేరేసరికి స్నానానికి తొట్టె సిద్ధంగా ఉంటుందని చెప్పాను. ఎండలో అంత దూరం నడవడం ఎందుకని కూడా అన్నాను. నాన్న నా మాట విన్నాడు.

ఆ రోజు మంచి ముహూర్తాల రోజట. ఆ సంగతి మాకు తరవాత తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఆటో ఊరి మలుపు తిరగ్గానే మోటారు చప్పుడు వినబడింది. నేనింకా రింగివ్వలేదు. ఆటో ఆగకముందే నాన్న దిగిపోయాడు. ఆయన వెనకాల మేం చెప్పులు చేత్తో పట్టుకుని గట్లమీద పరిగెత్తాం. వెళ్ళేసరికి కల్లం చెరువులా ఉంది. నువ్వుకట్టలు పెళ్ళిలో చెయ్యి కడుక్కోవడానికి నిలబడ్డ జనంలా పాదాలు నీళ్ళలో పెట్టుకుని బారుగా నిలబడి ఉన్నాయి.

అమ్మ చర్చికి కట్టుకున్న చీరని మోకాళ్ళపైకి దోపి దిగింది. మామ్మ కూడా దిగింది, ఎవరు వద్దన్నా వినలేదు. నాన్న మెయిను కట్టేసి, పారతో గట్టు కొట్టి నీళ్ళని చేలోకి మళ్ళించాడు. కట్టలన్నీ మోసి మామిడిచెట్ల అవతల మెట్టమీద పరిచాం. పైన ఉన్న కాయలు బతికాయి, కింద నానినవి పోయాయి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. తొక్కింది నేను, కాళ్ళు కడుక్కున్నది ఇంటిల్లిపాదీ. నాన్న నానిన కట్టలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుణ్ణు అనిపించింది.

ఏడుపు ఆపుకుంటూ డబ్బా ఊడదీసి, సిమ్ము తీసి నా ఫోనులో వేశాను. వేసీ వెయ్యగానే మోగింది.

"బేండు మేస్త్రీ గారేనేటి?"

"కాదండీ, ఇది మోటారు నంబరు."

"మోటారు మేళమా? కొత్తగా ఎట్టినారేటి? ఎంతమందొస్తారు?"

"మేళం కాదండీ. నీళ్ళ మోటారు."

"నీళ్ళ సంగతి పెళ్ళివారు సూసుకుంటారమ్మా, మేళం సంగతి సెప్పు. పొద్దున్నుంచి సేస్తన్నాను. ఒక్క రింగవడం, కట్టయిపోవడం. మేస్త్రీకి అంత పొగరెప్పుడొచ్చినాది?"

ఫోను పెట్టేశాక నాన్న అడిగాడు, ఎవరని. చెప్పాను. ఆయన తడి కట్టల పక్కన కూర్చుని వేళ్ళమీద రోజులు లెక్కేసి, "అయితే అయ్యగారు ప్రార్థన సేసినపుడు కూడా ఎవులికో పెళ్ళి కుదిరినాదన్నమాట," అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

ఆ తరవాత కాల్స్ వస్తూనే ఉన్నాయి. ఫోను చేసినవాళ్ళలో ఒకాయన ద్వారా కబురందినట్టుంది, ఆ వారంలోనే బ్యాండు మేస్త్రీ సింహాచలం మోటారు సైకిలు మీద మా ఇంటికొచ్చాడు. సన్నటి మనిషి. పెళ్ళిళ్ళు లేని నెలల్లో రీఛార్జి చెయ్యకపోతే ఆయన నంబరు పోయిందట, కంపెనీవాళ్ళు దాన్నే తిప్పి మా సిమ్ముకి ఇచ్చారన్నమాట. ఇంకో నంబరు తీసుకున్నాడు గానీ, పాతది మేళంలో పెద్ద డ్రమ్ము మీద ఎర్రరంగుతో రాసి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదే తెలుసు. ఫోను కొట్టినవాళ్ళందరూ మేస్త్రీ తమని లెక్కచెయ్యలేదనుకుని వేరే మేళాలకి పోయారట. మా ఒక్క కల్లమే కాదు, ఆయన పెళ్ళిళ్ళ సీజను కూడా నేనే ముంచానని అప్పుడు తెలిసింది.

ఆయన మోటారు చూస్తానన్నాడు. తీసుకెళ్ళాం. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నా బేరాలన్నీ నువ్వే తాగేసినావా," అన్నాడు. కోపంగా కాదు, పరిచయం చేసుకుంటున్నట్టుగా.

నాన్న సిమ్ము తీసి ఆయన చేతిలో పెట్టాడు. నేను క్షమించమన్నాను. మేస్త్రీ సిమ్ముని కళ్ళకద్దుకుని, మామిడిచెట్టు కింద కూర్చుని మాతోపాటు చల్లటి పళ్ళు తిన్నాడు. వెళ్ళేముందు నాన్నతో అన్నాడు. "పాప పెళ్ళికి మేళం నాది. డబ్బులొద్దు. ఒక్క ఫోను కొట్టండి, సాలు."

నాన్న నావైపు చూశాడు, ఫోనువైపు చూశాడు.

"ఫోనొద్దులే మేస్త్రీ," అన్నాడు. "నడిసొచ్చి సెప్తాను."

సర్వజనులకూ తెలియజేయునది ఏమనగా: నాన్న నడిచి చేసుకునే ఏ పనికీ ఇకమీదట నేను వైరు తగిలించను. ఇంగ్లీషులో జబ్బు పేరు చెప్పి ఎవరినీ నమ్మించను. గొడుగు కింద కుర్రాడు ఊరికే ఇస్తే సిమ్ము కాదు కదా, చాక్లెట్టు కూడా పుచ్చుకోను. నా పెళ్ళి మేళం సాక్షిగా ఇదే నా ప్రమాణం. నా పెళ్ళప్పుడు ఆ మేళానికి కబురు మోసుకెళ్ళింది నాన్న కాళ్ళే.