అలసిపోయింది నేను కాదు

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ ఈస్టరు మర్నాడు అడవిలో అలసిపోయింది నేను కాదు.

మొన్న మధురవాడలో మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళంతా కంబాలకొండ అడవిలోకి నడకకని బయల్దేరుతుంటే, మా వదిన అందరి ముందూ నవ్వుతూ, మా ఆడపడుచుని మాత్రం పిలవకండమ్మా, వయసులో ఉన్నప్పుడే సగం కొండకి చతికిలబడ్డ మనిషి, ఆవిడ వల్లే మేం పైనుంచి సముద్రం చూడకుండా దిగిపోయాం అంది. ఆనాటి నడకలో వదినా ఉంది, అప్పటికింకా మా అన్నయ్యని చేసుకోలేదు. పెళ్ళిళ్ళలో, క్రిస్మసు విందుల్లో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాను గానీ, గదిలోకి వచ్చి కూర్చున్నాక మనసు డెబ్బైల చివరికి వెళ్ళిపోయింది.

అప్పుడు మేం పాత ఊళ్ళో, హార్బరుకి దగ్గరలో ఉండేవాళ్ళం. కిటికీ తెరిస్తే ఇనప ఖనిజం ధూళి వచ్చి ఆరేసిన తెల్లబట్టల మీద ఎర్రగా కూర్చునేది. నేను టైపు నేర్చుకుంటూ, షార్ట్‌హ్యాండు పుస్తకం చాటున అద్దె నవలలు చదువుకుంటూ, నలుగురిలో నోరు విప్పాల్సి వస్తే చెమటలు పట్టే పిల్లని. నాకున్న ఒక్క స్నేహితురాలూ పక్కవీధిలో ఉండే హార్బరు కూలీ, కలాసీ గారి అమ్మాయి. ఆమె నాకు పూర్తిగా భిన్నం, చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక బల్లల దాకా వినబడేది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండెని పట్టుకుందని ఎవరో డాక్టరు చెప్పాడట. జ్వరం తగ్గాక ఇంట్లో వాళ్ళు ఆ మాటే మర్చిపోయారు, ఆమె మర్చిపోలేదు. నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే అని నవ్వుతూ ఆ రహస్యం నాకొక్కదానికే చెప్పి, తన మీద ఒట్టు వేయించుకుంది.

ఒట్టుకి కారణముంది. ఆమెకి నర్సు కావాలని ప్రాణం. మా చర్చి సంఘంలోనే ఒక పెద్ద నర్సక్క ఉండేది, తెల్ల చీర, రొమ్మున పిన్నుతో వేలాడే గడియారం. ట్రైనింగులో సీటుకి తను మాట్లాడతానని అక్క మాటిచ్చింది. ఈస్టరు మర్నాడు మా ఆడపిల్లలంతా అన్నం మూటలు కట్టుకుని ఎక్కడికైనా నడిచి వెళ్ళడం ఆనవాయితీ. ఆ ఏడు అక్కే మమ్మల్ని తీసుకెళ్తూ, వార్డులో రోజంతా కాళ్ళ మీద నిలబడాలి, చూద్దాం నీ నడక ఎలా ఉందో అని నా స్నేహితురాలితో హాస్యానికంది. అక్కకి హాస్యమే, ఆమెకది పరీక్ష.

హనుమంతవాక దగ్గర బస్సు దిగి కంబాలకొండ దారి పట్టాం. ఇప్పట్లా మెట్లూ కంచెలూ లేవు, కట్టెలు కొట్టుకునే వాళ్ళ కాలిబాట. మొదట జీడిమామిడి తోటలు, పళ్ళ వగరు వాసన, తర్వాత ఆకు రాల్చేసిన చెట్ల మధ్య ఎర్రమట్టి ఎక్కుడు. పిల్లలు పాడుకుంటూ ముందు పోతున్నారు. మొదటి మలుపులోనే ఆమె పాట ఆగింది. రెండో మలుపులో చెట్టుకి చేయి ఆనించి నిలబడింది. చెప్పులో ముల్లు చూసుకుంటున్నట్టు వంగింది గానీ, ఆ ఊపిరి చప్పుడు నాకు తెలుసు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. వెనక్కి పోదామన్నాను.

"నువ్వెల్లిపోయే. నా కోసం ఆగితే అక్క సూసేత్తాది," అంది, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కుంటూ.

అరిచి చెబితే ఆమె ఆశ పోతుంది, చెప్పకపోతే ఆమే పోతుందేమో. అక్క అప్పటికే వెనక్కి తిరిగి మావైపు చూస్తోంది. ఎలా చేశానో నాకే తెలియదు, బాట మధ్యలో ఒక రాయి మీద కూలబడి, అందరికీ వినబడేలా, నా వల్ల కాదు, నేను ఇంకొక్క అడుగు వెయ్యలేను అన్నాను. అంతమందిలో అంత గట్టిగా నేను మాట్లాడింది అదే మొదలు.

అందరూ మూగారు. నా స్నేహితురాలు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నా పక్కనే చతికిలబడి పైటకొంగుతో నాకు విసరడం మొదలుపెట్టింది. అలా విసురుతూ తను ఊపిరి తీసుకుంది. కాస్త గొంతు వచ్చాక తిట్లు కూడా లంకించుకుంది.

"నవల్లు సదివీసి సదివీసి దీని కాళ్ళు పడిపోనాయక్కా. ఇలాటిదాన్ని కొండకి తెత్తారేటి?"

అందరూ ఘొల్లుమన్నారు. మా వదిన కాబోయే పిల్ల, ఈవిడకి పల్లకీ తెప్పించండర్రా అంది. సిగ్గుతో నా మొహం మండిపోయింది, కళ్ళలో నీళ్ళు నిజంగానే తిరిగాయి, అది నాటకానికి పనికొచ్చింది.

అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుని, పిన్ను గడియారం వంక చూస్తూ నాడి చూసింది. ఆ కాసేపూ నాకు భయమే, ఎందుకంటే నా గుండె ఆరోగ్యంగా, బుద్ధిగా కొట్టుకుంటోంది. అక్క నా చెయ్యి వదిలింది. నన్ను చూడలేదు. విసురుతున్న ఆ చేతిగోళ్ళ వంకా, ఆ పెదాల వంకా చూసింది. తర్వాత లేచి, మామూలు గొంతుతో, "ఇంక పైకొద్దమ్మా. ఇక్కడే తినేద్దాం, పాపం దీనికి బాగోలేదు," అని నావైపు చెయ్యి చూపించింది.

సముద్రం కనిపించలేదని అందరూ నా మీద విసుక్కుంటూ పులిహోర తిన్నారు.

ఆ వారంలోనే అక్క వాళ్ళింటికి వెళ్ళి కలాసీ గారితో చాలాసేపు మాట్లాడింది. మద్రాసు వైపున ఒక పెద్దాసుపత్రిలో గుండె కవాటానికి ఆపరేషను చేస్తారని, సంఘం సాయం చేస్తుందని, బాగయి వచ్చాక ట్రైనింగుకి తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానని మాటిచ్చిందట. ఒట్టు నేను తప్పలేదని నా స్నేహితురాలికి తెలుసు. అక్క కూడా ఆ తర్వాత నాతో ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఆపరేషనైతే చేశారు గానీ ఆమె తిరిగి రాలేదు. ఆ వార్త ఒక ఆదివారం ఆరాధన మధ్యలో తెలిసింది, ఎత్తుకున్న పాట సగంలో ఆగిపోయింది.

ఇప్పుడా కొండదారిలో మలుపుకో బల్ల వేశారట. ఆ గుండె జబ్బుకి మన ఊళ్ళోనే, రొమ్ము కొయ్యకుండా వైద్యం చేస్తున్నారట. మా అపార్ట్‌మెంటు పిల్లలు చేతిగడియారంలో గుండె వేగం చూసుకుని, ఆంటీ, ఇవాళ అలసిపోయాం అని సిగ్గుపడకుండా చెప్పి కూర్చుంటారు. ఆ ఒక్క మాట అనడానికి ఆనాడు నా స్నేహితురాలికి ధైర్యం చాలలేదు, ఆమె బదులు నేను అనాల్సి వచ్చింది. వదిన వేళాకోళాన్ని ఇన్నేళ్ళూ ఎందుకు సరిదిద్దలేదంటే, అలసిపోయింది నేను కాదంటే మరెవరని అడుగుతారు. నేను నెమ్మదిగా నడుస్తానన్నది మాత్రం నిజమే, దానికీ కారణముంది.

ఆపరేషనుకి ఆమెని తీసుకెళ్తున్న రోజు, మద్రాసు వెళ్ళే బండి కదులుతుంటే, కిటికీ ఊచలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద వెంట పరుగెత్తబోయాను. ఆమె లోపలి నుంచి నా వేళ్ళ మీద చెయ్యి వేసి, ఒక్కొక్కటే విడిపిస్తూ అంది:

"పరిగెట్టకే. నువ్వు మెల్లగా నడుత్తుండు, ఎనకాలే నానొచ్చేత్తాను."