కొత్త సామల కుండ

దొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు నాకు పెళ్లయింది. అరకు దగ్గర కొండ మీది ఊరు మాది, అతనిది పక్క కొండ. అతన్ని నేనే కోరి చేసుకున్నాను, ఎవరూ అంటగట్టలేదు. అందుకే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాపురానికి వెళ్లిన కొత్తలో అతను తినే తిండి చూసి మురిసిపోయేదాన్ని. పొలం కావలి నుంచి ఎర్రటి కళ్లతో వచ్చి ఆకు ముందు కూర్చుంటే ఓ పట్టాన లేచేవాడు కాదు. చోడి అంబలైనా, ఎండుచేపైనా, ఏది పెట్టినా లొట్టలేసుకుంటూ తినేవాడు. "నీ సేతిలో ఏటుందే!" అనేవాడు. నిజంగానే ఏదో ఉందనుకుని నేను పొయ్యి వదిలేదాన్ని కాదు. వెర్రిదాన్ని.

మాలో సామపంట కోశాక కొత్త పండుగ జరిగేదాకా ఎవరూ కొత్త గింజ నోట పెట్టరు. ముందు పూజారి ఊరి దేవతకు పెట్టాలి, ఆ తర్వాతే ఇళ్లలో తినడం. పెళ్లయి వచ్చిన పిల్లకు ఆ రోజు అత్త తన చేత్తో ముద్ద పెడుతుంది. అది తింటేనే ఆమె ఆ ఇంటి మనిషి. అంతవరకూ ఎంత చాకిరీ చేసినా పరాయిదే. నేను ఆ ముద్ద కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాను.

పండుగ ముందురోజు కొత్త సామలు దంచి, కొత్త కుండలో పోసి, మూలన పెట్టి ఊట దగ్గరికి నీళ్లకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇంటినిండా గంజాయి కంపు. అతను పొయ్యి దగ్గర కూర్చుని వేళ్లు నాకుతున్నాడు. ఆ సామలే వండుకుని మెతుకు మిగల్చకుండా తినేశాడు.

"ఆకలాగలేదే. దమ్ము కొడితే కడుపు కాలిపోతాది, ఏటి సేత్తాను?" అన్నాడు నవ్వుతూ.

పండుగ కాకుండానే కొత్త గింజ తినేశాడు. అయినా అతన్ని ఎలా కాపాడాలా అనే ఆలోచించాను. ఇంతలో అత్త కళ్లం నుంచి వచ్చి ఖాళీ కుండ చూసింది.

"ఎవులు తిన్నారిది?"

నేను నోరు తెరిచేలోపే అతను నా వైపు చెయ్యి చూపించాడు. "అదే తినీసింది. ఆకలేసిందంట."

"నాను కాదత్తా! నాను నీళ్లకెల్లినాను. నీ కొడుకు కళ్లు సూడు!"

అత్త చూసింది. బాగానే చూసింది. ఇంటి కొడుకు తింటే ఇల్లంతా పండుగకు వెలి. ఇంకా ముద్ద తినని కోడలు తింటే తప్పు పరాయిదానిది, ఇంటికి అంటదు. అది ఆవిడకు నాకన్నా ముందే తట్టింది. నన్ను పెరట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించింది.

"నువ్వే తిన్నావని సెప్తాను. నోరెత్తకు. పై ఏడు పెడతాను ముద్ద."

"నా సేతి కూడంటే ఆయనకి పేణం. నా మీదెందుకు సెప్పినాడత్తా?"

"నీ సేతి కూడేటే గుంటా? దమ్ము కొడితే ఆడికి గడ్డి పెట్టినా రుసే. దమ్ము నేకపోతే కూడే ముట్టడు."

నింద కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది. సాయంత్రం ఊరి పెద్దల ముందు నేను అవుననలేదు, కాదనలేదు. అతను ఒక్కసారి నా వైపు చూసి ఉంటే అప్పటికప్పుడే క్షమించేసేదాన్ని. చూడలేదు.

పండుగనాడు నన్ను బయట అరుగు మీదే ఉంచారు. కళ్లంలోంచి మళ్లీ సామలు తెచ్చి దంచారు. దేవత పని కాబట్టి అతను పొద్దుట్నుంచీ దమ్ము ముట్టలేదు. అత్త అతనికి అడ్డాకులో వేడివేడి కొత్త అన్నం వడ్డించడం తలుపులోంచి కనిపించింది. సిగ్గులేని నా నోరు, ఆ వాసనకే ఊరింది.

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, ఆకు పక్కకు తోసేశాడు.

"సాలమ్మా. ఆకలి నేదు" అన్నాడు.